మూడు ఫేజుల వేళ

యాదమరి దాటాక మూడో మలుపులో ఆ ఇల్లు.
నా కాగితాల్లో దాని పేరు పదకొండో ఇల్లు.
వాకిలికి అగ్గిపెట్టెంత సెన్సారు,
పొయ్యి దగ్గర ఒకటి,
మొగిలప్ప మొలతాడుకు ఒకటి.
తాయెత్తనుకుని కళ్ళకద్దుకున్నాడు.
నేను కాదనలేదు.
కాదనకపోవడం కూడా రాసుకోవాలని
అప్పటికి నాకు తెలీదు.

వెళ్ళిన ప్రతిసారీ అనుమతి కొత్తగా అడగాలి.
కాగితం చదివి వినిపిస్తాను:
మీరు ఎప్పుడైనా వద్దనవచ్చు, కారణం చెప్పక్కర్లేదు.
శ్రద్ధగా వింటాడు.
"అదంతా సరే పాపా, కరెంటాఫీసు నుంచేనా వచ్చుండేది?
ట్రాన్స్‌ఫార్మరు కాలిపొయ్యి ఇరవై దినాలాయె,
చెరుకు ఎండతా ఉండాది."
మొదటిసారి సంతకంలో పేరంతా ఉంది.
నాలుగోసారి 'మొగి' దాకా వచ్చింది.
ఏడోసారి కలం పట్టుకుని, నన్ను చూసి
"ఎవురి పేరు రాయాల?" అన్నాడు.

రాత్రి రెండూ పదికి ఆ వాకిలి మోగుతుంది.
చిత్తూరు గిరింపేటలో, మేడమీద గదిలో
నా ఫోనూ మోగుతుంది.
పటం మీద నీలి చుక్క
గడప దాటుతుంది, కళ్ళం దాటుతుంది,
రాళ్ళు పాతి ప్లాట్లేసిన బీట్లో
ఒక్క అడుగూ తడబడకుండా తిన్నగా పోయి
పదిహేడో నంబరు ప్లాటులో ఆగుతుంది.
నా పట్టికలో ఆ గడి పేరు
'గమ్యం లేని తిరుగుడు'.

"గమ్యం లేకపోవడమేంది?" అంది కోడలు సెల్వి,
గుడియాత్తం నుంచి తెచ్చుకున్న తెలుగులో.
"మోటరు కదా ఆడ ఉండింది.
త్రీఫేజు ఆ టైముకే కదా ఇస్తా ఉండింది."

బోరు ఎండింది, తర్వాత భూమి పోయింది.
రెండూ పది మాత్రం పోలేదు.
ప్లాట్ల చివర మూత లేని బావి కూడా పోలేదు.
నేను వచ్చింది ఆ బావి కోసమే.

చర్చి వీధి పాతసామాన్ల అంగట్లో
స్టార్టరు డబ్బా ఒకటి కొన్నాను.
పచ్చ బొత్తాం, ఎర్ర బొత్తాం, మూడు దీపాలు,
లోపల స్పీకరులో పక్క ఊరి మోటరు గొంతు.
నొక్కితే గోడ గుయ్యిమంటుంది.
తొమ్మిది రాత్రులు చుక్క గడప దాటలేదు.
గ్రాఫు బాగుందన్నారు మా సారు.

పదో రాత్రి, రెండూ ఇరవైకి,
చుక్క పరిగెత్తింది.
బావికి పది గజాల ఇవతల పట్టుకుంది సెల్వి.
"నీళ్ళ సప్పుడు ల్యా" అంటున్నాడంట, రొప్పుతూ,
"మోటరు ఒట్టిగా తిరగతా ఉండాది,
కాయిలు కాలిపోతాది, ఎవురన్నా ఆపండి."

తన పేరు మర్చిపోయిన మనిషి
నా అబద్ధంలో తప్పు పట్టాడు.

నీళ్ళ చప్పుడు కోసం ఊళ్ళు తిరిగాను.
కాలవ, కొళాయి, ట్యాంకరు,
ఏది రికార్డు చేసినా స్పీకరులో
తాలింపులాగే వినిపించింది.
ఇంతలో చుక్క దానంతట అదే కుదురుకుంది.
ఎందుకో తెలీక
ఒక రాత్రి వాళ్ళింట్లో చాప మీద పడుకున్నాను.

రెండూ పది. పచ్చ బొత్తాం. గోడ గుయ్యిమంది.
పెరట్లో సెల్వి, కొంగు బిగించి,
బకెట్లోంచి చెంబుతో తొట్టిలోకి
మొదట బుడబుడ, కాసేపు ఆగి, తర్వాత ధార,
పైపులో గాలి పోయి నీళ్ళు అందుకున్నట్టే.
"రెండు బకెట్లు చాలక్కా," అంది గుసగుసగా,
"రెండో బకెట్టుకి మామకి మడి తడిసిపోతాది."
లోపల మొగిలప్ప చెవి ఒగ్గి విన్నాడు.
"వచ్చినాయి" అన్నాడు, ఎవరితోనో.
దుప్పటి లాక్కున్నాడు.

నా వ్యాసంలో డబ్బా బొమ్మ ఉంది, ఖరీదు ఉంది.
చెంబుకు గడి లేదు.

తెల్లారేలోపు అనుమతి కాగితం తీసి
ఈసారి సెల్వి ముందు పెట్టాను.
మీరు ఎప్పుడైనా వద్దనవచ్చు,
కారణం చెప్పక్కర్లేదు...
చదువుతుంటే నవ్వింది.
"ఎవురికి చెప్పాలక్కా, వద్దని?"
పాలబండి హారను వినబడి లేచి పోయింది.
తొట్టి గట్టున చెంబు బోర్లించి ఉంది,
ఇంకా తడిగా.